కాంతి విద్యుత్ గ్రాఫులు: ఎత్తు చూడాలా, మొదలు చూడాలా?

కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడమే కాంతి విద్యుత్ ఫలితం. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో ఆ పాఠంలో తప్పకుండా ఎదురయ్యే బొమ్మ ఒకటుంది. అడ్డంగా వోల్టేజీ, నిలువుగా విద్యుత్ ప్రవాహం. అందులో రెండు వక్రాలు. ఎడమవైపు, రుణ వోల్టేజీ భాగంలో రెండూ ఒకే బిందువు దగ్గర మొదలవుతాయి. కుడికి వెళ్లేకొద్దీ విడిపోయి, ఒకటి పైనా ఒకటి కిందా చదునుగా సాగిపోతాయి. దాని పక్కనే ఇంకో బొమ్మ. అక్కడ కుడివైపు రెండు వక్రాలూ కలిసిపోయి ఉంటాయి, ఎడమవైపు మాత్రం వేర్వేరు బిందువుల్లో మొదలవుతాయి. ఏ బొమ్మలో ఏది మారింది అన్నది ప్రశ్న. జవాబుకి ఉన్నవి రెండే మాటలు: తీవ్రత, పౌనఃపున్యం. ఏ మాట ఎక్కడ రాయాలి అన్న దగ్గరే పరీక్ష హాల్లో టెన్షన్ మొదలవుతుంది.

బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు చాలామందే ఉంటారు. బొమ్మని కాస్త తిప్పి ఇచ్చినా, అక్షం మీద ఓల్టుల బదులు తరంగదైర్ఘ్యం పెట్టినా ఆ బట్టీ పనికిరాదు. నిజానికి ఇబ్బంది ఈ పాఠంలో లేదు. కింది తరగతుల్లో తరంగాల పాఠం దగ్గర సగం అర్థమై వదిలేసిన నాలుగైదు మాటలు ఇక్కడికొచ్చి అడ్డం పడతాయి. అందుకని అక్కడి నుంచే రావాలి.

రేడియోకి రెండు నాబ్‌లు

పాత రేడియోకి ముఖ్యంగా రెండు నాబ్‌లు ఉండేవి. ఒకటి తిప్పితే శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. ఇంకొకటి తిప్పితే స్టేషన్ మారుతుంది. వాల్యూమ్ ఎంత పెంచినా విజయవాడ కేంద్రం హైదరాబాద్ కేంద్రం అయిపోదు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే చాలు, పాఠం సగం వచ్చినట్టే. వాల్యూమ్ లాంటిది కంపన పరిమితి, అంటే అల ఎత్తు. స్టేషన్ లాంటిది పౌనఃపున్యం.

పౌనఃపున్యం అనే మాట పలకడానికి కష్టంగా ఉన్నా, అర్థం దాని లోపలే ఉంది. పునః పునః, అంటే మళ్లీ మళ్లీ. సెకనుకి ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ జరుగుతోందో అది పౌనఃపున్యం. హెర్ట్జ్‌లలో కొలుస్తాం. ఒకసారి జరగడానికి పట్టే సమయం ఆవర్తన కాలం. దైర్ఘ్యం అంటే పొడవు. ఒక శృంగం (అల పై కొస) నుంచి పక్క శృంగానికి ఉన్న దూరమే తరంగదైర్ఘ్యం. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్ అంటే, తరంగదైర్ఘ్యంలో చెప్పాలంటే 358.4 మీటర్లు. రెండూ ఒకే అలకి రెండు చిరునామాలు. సెకనుకి 8,37,000 అలలు, ఒక్కోటీ 358.4 మీటర్ల పొడవు. గుణిస్తే సెకనుకి సుమారు 30 కోట్ల మీటర్లు, అదే కాంతి వేగం. వేగం మారనప్పుడు ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదు.

తరంగం బొమ్మ దగ్గర ఒక పాత పొరపాటు ఉంది. ఒకే వంపుల గీతని రెండు రకాల అక్షాల మీద గీస్తారు. అడ్డంగా దూరం ఉంటే, అది ఒక క్షణంలో అల మొత్తానికి తీసిన ఫోటో. అందులో శృంగం నుంచి శృంగానికి కొలిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. అడ్డంగా కాలం ఉంటే, అది ఒకే చోట ఉన్న కణం ఎలా ఊగిందో చెప్పే కథ. అక్కడ అదే కొలత ఆవర్తన కాలం అవుతుంది. తాడుని సెకనుకి 2 సార్లు ఊపితే శృంగాల మధ్య 1.5 మీటర్ల దూరం వచ్చిందనుకుందాం. మొదటి గ్రాఫులో 1.5 మీటర్లు కనిపిస్తుంది, రెండో దాంట్లో 0.5 సెకను. రెండు బొమ్మలూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. అక్షం కింద రాసిన మాట చదవకుండా లెక్కలోకి దూకితే తప్పు తప్పదు. కంపన పరిమితి విషయంలోనూ ఇలాంటిదే ఇంకో తప్పు జరుగుతుంది. శృంగం కొస నుంచి ద్రోణి (అల కింది పల్లం) అడుగు దాకా కొలిచి రాసేస్తారు. కొలవాల్సింది మధ్య రేఖ నుంచి శృంగం దాకా మాత్రమే, అంటే అందులో సగం.

ఇక తీవ్రత. చదరపు మీటరు మీద సెకనుకి పడే శక్తి. తరంగ సిద్ధాంతం ప్రకారం అది కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అల ఎత్తు రెట్టింపైతే తీవ్రత నాలుగు రెట్లవుతుంది. కాంతి విషయంలో తీవ్రత అంటే వెలుగు ఎంత, పౌనఃపున్యం అంటే రంగు ఏది. ఇంతవరకు గొడవ లేదు.

వక్రం వెంట ఒకసారి నడిస్తే

గాలి తీసేసిన గొట్టంలో రెండు లోహపు పలకలు ఉంటాయి. ఒకదాని మీద కాంతి పడుతుంది, రెండోది బయటికొచ్చిన ఎలక్ట్రాన్లని పట్టుకునే కలెక్టర్. మామూలు గాజు అతినీలలోహిత కాంతిని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి కాంతి లోపలికొచ్చే కిటికీ క్వార్ట్జ్‌తో చేస్తారు. బయట బ్యాటరీ, ఓల్ట్‌మీటర్, మైక్రో ఆంపియర్లు కొలిచే మీటర్.

వోల్టేజీ సున్నా దగ్గర మొదలుపెడదాం. బ్యాటరీ లాగకపోయినా మీటర్ ముల్లు కొద్దిగా కదులుతుంది. చాలామందికి ఇక్కడే ఆశ్చర్యం. వక్రం సున్నా దగ్గర మొదలవదు, సున్నా దగ్గరికే కొంత ఎత్తులో ఉంటుంది. ఎలక్ట్రాన్లు వేగంతోనే బయటపడతాయి కాబట్టి, కొన్ని ఎవరూ పిలవకుండానే కలెక్టర్ దాకా వెళ్తాయి. మిగతావి పక్కలకి చెదిరిపోతాయి. కలెక్టర్‌కి ధన వోల్టేజీ ఇచ్చేకొద్దీ ఈ చెదిరేవాటిని కూడా అది లాక్కుంటుంది, ప్రవాహం పెరుగుతుంది. కొంత దూరం వెళ్లాక బయటికొచ్చిన ప్రతి ఎలక్ట్రాన్ చేరిపోతోంది. ఇక వోల్టేజీ ఎంత పెంచినా కొత్తగా లాక్కోవడానికి ఎవరూ మిగల్లేదు. గీత చదునైపోతుంది. అదే సంతృప్త విద్యుత్ ప్రవాహం. కాబట్టి ఆ చదును గీత ఎత్తు చెప్పేది ఒక్కటే: సెకనుకి ఎన్ని ఎలక్ట్రాన్లు బయటపడ్డాయి అని.

ఇప్పుడు వెనక్కి, సున్నాకి ఎడమవైపు. కలెక్టర్‌కి రుణ వోల్టేజీ ఇస్తే అది వచ్చేవాటిని వెనక్కి నెడుతుంది. ఎదురెక్కాల్సిన గట్టు లాంటిదన్నమాట. నెమ్మదైనవి మధ్యలోనే వెనుదిరుగుతాయి, చురుకైనవి ఎక్కి దాటుతాయి. గట్టు ఎత్తు పెంచుతూ పోతే ఒక చోట అందరికంటే వేగమైన ఎలక్ట్రాన్ కూడా ఆగిపోతుంది, మీటర్ సున్నా చూపిస్తుంది. ఆ వోల్టేజీయే నిరోధక పొటెన్షియల్. ఇది ఎంతమంది ఉన్నారో చెప్పదు. ఉన్నవాళ్లలో అందరికంటే బలమైనవాడి బలం ఎంతో చెబుతుంది. 0.92 ఓల్టుల దగ్గర ఆగితే గరిష్ఠ గతిజ శక్తి 0.92 ఎలక్ట్రాన్ వోల్ట్. అంకె మారదు, ప్రమాణం పేరు మారుతుంది.

ఎత్తు అంటే సంఖ్య, మొదలు అంటే బలం. ఈ ఒక్క తేడాతో మొదట్లో చెప్పిన రెండు బొమ్మలూ విడిపోతాయి. తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది, బలం పెరగదు. అందుకే మొదలు ఒకటే, ఎత్తులు వేరు. పౌనఃపున్యం పెంచితే బలం పెరుగుతుంది. అందుకే మొదలు ఇంకా ఎడమకి జరుగుతుంది.

రెండో బొమ్మలో పైన గీతలు కలిసిపోవడం గురించి మాత్రం పుస్తకాలు కొంచెం తొందరపడతాయి. "ఒకే తీవ్రత, వేర్వేరు పౌనఃపున్యాలు" అని రాసి, చదును గీతలన్నీ ఒకే ఎత్తులో గీసేస్తారు. కాంతి శక్తి ఫోటాన్లు అనే విడివిడి ముక్కలుగా వస్తుంది. ఒక మిల్లీవాట్ ఆకుపచ్చ కాంతిని, ఒక మిల్లీవాట్ ఊదా కాంతిని తీసుకోండి. 546 నానోమీటర్ల ఆకుపచ్చ ఫోటాన్ శక్తి 2.27 ఎలక్ట్రాన్ వోల్ట్, 405 నానోమీటర్ల ఊదా ఫోటాన్ శక్తి 3.06. అదే శక్తిని పెద్ద ముక్కలుగా కోస్తే ముక్కల సంఖ్య తగ్గుతుంది కదా. ఆకుపచ్చ కాంతిలో ఫోటాన్లు దాదాపు 35 శాతం ఎక్కువ. ప్రతి ఫోటాన్‌కీ ఎలక్ట్రాన్‌ని బయటికి తెచ్చే అవకాశం ఒకేలా ఉంటే, ఊదా వక్రం ఎత్తు తగ్గాలి. (అసలు ఆ అవకాశం కూడా రంగుని బట్టి మారుతుంది, అది వేరే కథ.) గీతలు పైన కలవాలంటే సమానంగా ఉండాల్సింది వాట్లు కాదు, సెకనుకి పడే ఫోటాన్ల సంఖ్య. ప్రశ్నలో "తీవ్రత సమానం" అన్నారా, "ఫోటాన్ల సంఖ్య సమానం" అన్నారా అని రెండుసార్లు చదవడం ఇందుకే.

కాయ రాలని రాళ్లు

తరంగ సిద్ధాంతం ఇక్కడ ఎందుకు తడబడిందో చూడాలంటే మామిడి చెట్టు కిందికి వెళ్లొచ్చు. కొమ్మ చివర కాయ ఉంది. చిన్నపిల్లలు పదిమంది గులకరాళ్లు విసురుతున్నారు. ఒక్కో రాయిలో బలం లేదు. అయినా గంటసేపు తగులుతూ ఉంటే తొడిమ వదులై ఎప్పటికో కాయ రాలుతుంది అనుకోవడం సహజం. కాంతి అలే అయితే జరగాల్సింది అదే. శక్తి కొంచెం కొంచెంగా పోగై, మసక వెలుతురైనా సరే, కాస్త ఆలస్యంగా ఎలక్ట్రాన్ ఊడిరావాలి. ప్రయోగంలో అలా జరగదు. బలం చాలని రాళ్లు ఎన్ని తగిలినా తొడిమ రవ్వంత కూడా వదులవదు. బలం చాలిన రాయి ఒక్కటి తగిలితే ఆలస్యమే లేదు, 10⁻⁹ సెకను లోపే ఎలక్ట్రాన్ బయట ఉంటుంది.

ఎలక్ట్రాన్‌ని లోహం నుంచి విడిపించడానికి కావలసిన కనీస శక్తి పని ప్రమేయం. సీసియానికి పాఠ్యపుస్తకాల పట్టికల్లో ఇది 2.14 ఎలక్ట్రాన్ వోల్ట్. మామూలు లోహాల్లో ఇంత తక్కువ ఇంకెక్కడా ఉండదు. ప్లాటినమ్‌కి 5.65. 5 మిల్లీవాట్ల ఎర్ర లేజర్, తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు అనుకుంటే, సెకనుకి 1.6 × 10¹⁶ ఫోటాన్లు కురిపిస్తుంది. ఒక్కోదాని శక్తి 1.91 ఎలక్ట్రాన్ వోల్ట్. సీసియం గేటు దాటడానికి చాలదు. అన్ని కోట్ల కోట్ల ఫోటాన్లూ వృథా. 405 నానోమీటర్ల ఊదా కాంతి దానికి 5,000వ వంతు, అంటే ఒక మైక్రోవాట్ పడినా ప్రవాహం మొదలవుతుంది. రేడియో స్టేషన్ సంగతికొస్తే ఇంకా వింత. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫోటాన్ శక్తి సుమారు 3.5 × 10⁻⁹ ఎలక్ట్రాన్ వోల్ట్. సీసియం అడిగేది దానికి 60 కోట్ల రెట్లకి పైన. ప్రసార స్తంభం పక్కనే పలక పెట్టి, కిలోవాట్లు ఎన్ని పెంచుకుంటూ పోయినా ఆ ఫోటాన్లు ఒక్క ఎలక్ట్రాన్‌ని కూడా ఊడబెరకలేవు. వాల్యూమ్ నాబ్ ఎంత తిప్పినా స్టేషన్ మారదు అన్నది ఇదే.

సరళరేఖ దగ్గర

ఇంతదాకా చూసింది ప్రవాహానికి, వోల్టేజీకి మధ్య గ్రాఫ్. రెండోది ఇంకా అందమైనది. అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా నిరోధక పొటెన్షియల్. ఐన్‌స్టీన్ 1905లో రాసింది మాటల్లో చెప్పాలంటే చాలా చిన్నది: ఫోటాన్ తెచ్చిన శక్తిలోంచి పని ప్రమేయం తీసేస్తే మిగిలేదే ఎలక్ట్రాన్ గరిష్ఠ గతిజ శక్తి. తెచ్చిన శక్తి అంటే ప్లాంక్ స్థిరాంకం గుణించు పౌనఃపున్యం. ఇది అచ్చంగా లెక్కల క్లాసులోని వై = ఎంఎక్స్ + సి.

పాదరసపు దీపం వెలుగులోని రంగులు లేబొరేటరీల్లో దీనికి బాగా పనికొస్తాయి. ఒక్కో రంగుని ఫిల్టర్‌తో విడదీసి సీసియం పలక మీద వేస్తే సూత్రం ప్రకారం రావాల్సిన విలువలు చూద్దాం. 546 నానోమీటర్లు, అంటే 5.49 × 10¹⁴ హెర్ట్జ్: 0.13 ఓల్టు. 436 దగ్గర, 6.88 × 10¹⁴ హెర్ట్జ్: 0.70. 405 దగ్గర, 7.41 × 10¹⁴: 0.92. 365 దగ్గర, 8.22 × 10¹⁴: 1.26. గ్రాఫ్ కాగితం మీద నాలుగు చుక్కలూ పెట్టి స్కేలు ఆనిస్తే ఒకే గీత మీద పడతాయి. వాలు కావాలంటే రెండు కొసల్లో ఉన్న చుక్కలు, అంటే మొదటిదీ ఆఖరిదీ తీసుకోవాలి. నిలువు తేడా 1.26 − 0.13 = 1.13 ఓల్టులు. అడ్డం తేడా 2.73 × 10¹⁴ హెర్ట్జ్. భాగిస్తే 4.14 × 10⁻¹⁵. అక్షం చివర చిన్న అక్షరాల్లో రాసిన 10¹⁴ ని మరిచిపోయి 0.41 అని రాసేవాళ్లే ఎక్కువ. ఈ వాలుని ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌తో గుణిస్తే 6.62 × 10⁻³⁴ జౌల్ సెకను వస్తుంది. ఒక దీపం, ఒక ఓల్ట్‌మీటర్, ఒక స్కేలుతో ప్లాంక్ స్థిరాంకం చేతికొచ్చేసింది!

గీత అడ్డ అక్షాన్ని తాకే చోటు ఆరంభ పౌనఃపున్యం. సీసియానికి 5.17 × 10¹⁴ హెర్ట్జ్. గీతని ఇంకా కిందికి పొడిగిస్తే నిలువు అక్షాన్ని −2.14 ఓల్టుల దగ్గర తాకుతుంది. ఆ కింది భాగాన్ని చుక్కలతో గీయడానికి కారణం ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లే బయటికి రావు, కొలవడానికి ఏమీ ఉండదు. ఆ పొడిగింపు పని ప్రమేయం చదువుకోవడానికి మనం చేసుకున్న ఏర్పాటు మాత్రమే. సీసియం బదులు పొటాషియం వాడితే గీత పక్కకి జరుగుతుంది, వంగదు. వాలులో లోహం గుర్తులేవీ లేవు కాబట్టి ఏ లోహమైనా గీతలు సమాంతరమే. వేర్వేరు వాలులతో రెండు గీతలు గీసి "ఇవి రెండు లోహాలవి" అంటే, ఆ బొమ్మ నిలువునా తప్పు.

గీత మూలబిందువు గుండా పోదు అన్న చిన్న విషయం నుంచే బహుళైచ్ఛిక ప్రశ్న ఒకటి పుడుతుంది: పౌనఃపున్యం రెట్టింపైతే గతిజ శక్తి ఎంతవుతుంది? రెట్టింపు అని గుర్తు పెట్టి ముందుకెళ్లిపోతారు. సీసియం మీద 3.06 ఎలక్ట్రాన్ వోల్ట్ ఫోటాన్ పడితే మిగిలేది 0.92. రెట్టింపు, అంటే 6.12 పడితే మిగిలేది 3.98. నాలుగు రెట్లు దాటింది. ఖర్చు అంతే ఉండి ఆదాయం రెట్టింపైతే మిగులు రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది. ఇంటి లెక్కల్లో తప్పు చేయని పిల్లలు ఇక్కడ తడబడతారు.

ఇంత సులువుగా గీసే ఈ గీత వెనక దాదాపు పదేళ్ల కష్టం ఉంది. 1887లో హెర్ట్జ్ అతినీలలోహిత కాంతి పడితే నిప్పురవ్వలు సులువుగా దూకడం గమనించారు. 1902లో లెనార్డ్ ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తికి, కాంతి తీవ్రతకి సంబంధం లేదని చూపించారు. ఐన్‌స్టీన్ సరళరేఖ వస్తుందని 1905లో అన్నారే గానీ, అప్పటికి ఆ రేఖని నమ్మకంగా గీయగల కొలతలు లేవు. అమెరికాలో మిల్లికన్ ఆ పని తలకెత్తుకున్నారు. లోహం ఉపరితలం మీద గాలి తగిలి పట్టే పొర కొలతని పాడుచేస్తుంది కాబట్టి, శూన్యపు గొట్టం లోపలే సోడియం దిమ్మని గీకి శుభ్రం చేసే కత్తిని అమర్చుకున్నారు. 1916లో ప్రచురించిన ఫలితాల్లో ఆయనకి వచ్చిన ప్లాంక్ స్థిరాంకం 6.57 × 10⁻³⁴. నేటి విలువకి ఒక్క శాతం లోపు తేడా. తమాషా ఏమిటంటే సమీకరణం ఇంత చక్కగా సరిపోయాక కూడా, దాని వెనక ఉన్న కాంతి ముక్కల ఊహని మిల్లికన్ అప్పటికి నమ్మలేదు. ఐన్‌స్టీన్‌కి 1921 సంవత్సరపు నోబెల్ ఈ సూత్రానికే వచ్చింది, 1923లో మిల్లికన్‌కీ వచ్చింది.

మిల్లికన్‌ని విసిగించిన ఇంకో విషయం పాఠ్యపుస్తకంలో సాధారణంగా కనిపించదు. కలెక్టర్ వేరే లోహంతో చేసి ఉంటే, రెండు లోహాల మధ్య స్పర్శ వల్ల పుట్టే పొటెన్షియల్ ఓల్ట్‌మీటర్ చూపించే అంకెలో కలిసిపోతుంది. దాన్ని విడిగా కొలిచి సరిచేయకపోతే గీత మొత్తం పైకో కిందికో జరుగుతుంది. వాలు మాత్రం చెక్కు చెదరదు. కాలేజీ ల్యాబ్‌లో ప్లాంక్ స్థిరాంకం బాగానే వచ్చి, పని ప్రమేయం మాత్రం పుస్తకంతో కలవకపోతే చేసినవాళ్ల తప్పే కానక్కర్లేదు. అలాగే వక్రం మొదలు బొమ్మలో ఉన్నంత పదునుగా ల్యాబ్‌లో కనిపించదు. కలెక్టర్ మీద కూడా కాస్త కాంతి పడి, అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు ఎదురుగా రావడం అందుకు ఒక కారణం.

చివరిగా అక్షం మార్చి అడిగే ప్రశ్న. అడ్డంగా పౌనఃపున్యం బదులు తరంగదైర్ఘ్యం పెడితే సరళరేఖ ఉండదు. ఎడమవైపు ఎక్కడో పైనుంచి దిగుతూ వంగి, ఒక చోట అక్షాన్ని తాకి ఆగిపోయే వక్రం వస్తుంది. దిశ కూడా తిరగబడింది కాబట్టి ఇప్పుడు ఎలక్ట్రాన్లు రాని ప్రాంతం కుడివైపు ఉంటుంది. ఈ లెక్కలకి 1240 అనే అంకె ఒక్కటి గుర్తుంటే చాలు. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వస్తుంది, పని ప్రమేయంతో భాగిస్తే ఆరంభ తరంగదైర్ఘ్యం వస్తుంది. సీసియానికి 1240 / 2.14, అంటే సుమారు 579 నానోమీటర్లు. ఎల్‌ఈడీలు రాకముందు రోడ్ల మీద పసుపు వెలుగు కురిపించిన సోడియం దీపం ముఖ్య తరంగదైర్ఘ్యం 589. ఫోటాన్ శక్తి 2.11 ఎలక్ట్రాన్ వోల్ట్ కూడా నిండా రాదు. గ్రాఫ్ మీద ఆ చుక్క పెట్టాలంటే వక్రం అక్షాన్ని తాకిన చోటికి 10 నానోమీటర్లు కుడివైపు, నిరోధక పొటెన్షియల్ అన్న మాటకే అర్థం లేని చోట పెట్టాలి.